జైల్లో టీబీ: మాత్ర కంటే ముందు గాలి, తిండి, బెయిలు

(ప్రపంచ టీబీ దినం సందర్భంగా విశాఖపట్నంలో ఒక ఛాతీ వైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినబడుతోందా అండి? ఆ, సరే.

నేను ఛాతీ డాక్టర్ని, రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ జైళ్ళలో స్క్రీనింగు క్యాంపులకి వెళ్తుండేదాన్ని, సబ్ జైళ్ళకీ వెళ్ళాను, పెద్ద జైళ్ళకీ వెళ్ళాను. ఏ జైలు ఎలా ఉందీ అని పేర్లు పెట్టి చెప్పడానికి రాలేదు నేను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, జైల్లో టీబీ అనగానే అందరూ మందుల గురించి మాట్లాడతారు, మందులు ఉన్నాయండి, ఫ్రీగానే ఇస్తారు, కొరత వచ్చిన రోజులు కూడా చూశాం కానీ మొత్తమ్మీద ఉన్నాయి. కానీ మనిషికి టీబీ పట్టేది మందు దగ్గర కాదు కదా, పడుకునే చోట పడుతుంది. ఆ పడుకునే చోటు ఎంత, కిటికీ తెరిచుందా లేదా, కడుపులో ఏం పడింది, ఆ మనిషి అసలు అక్కడ ఇన్నాళ్ళు ఎందుకుండాల్సి వచ్చింది, ఇవి తేలకుండా డాక్టరు ఒక్కడే మాత్రలు పట్టుకుని ఏం చెయ్యలేడు.

ఈ మార్చి 24 ఎందుకంటే 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో టీబీ క్రిమిని కనిపెట్టానని చెప్పాడు. అప్పటిదాకా ఇది వంశంలో వస్తుందనీ, పాపం వల్ల వస్తుందనీ రకరకాలుగా అనుకునేవారు. ఇప్పుడు మనకి తెలుసు, ఇది గాలి జబ్బు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవాడు దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా చాలా సన్నటి తుంపర్లు గాల్లోకి వస్తాయి, అవి కింద పడిపోవు, గంటల తరబడి తేలుతూ ఉంటాయి, ఇంకొకరు పీలుస్తారు. ఆరుబయట అయితే గాలికి చెదిరిపోతాయి, ఎండ తగిలితే క్రిమి చచ్చిపోతుంది. మూసిన గదిలో అయితే అలాగే ఉంటాయి. అందుకే కంచం ముట్టుకుంటే వస్తుందా, షేక్ హ్యాండ్ ఇస్తే వస్తుందా అని భయపడేవాళ్ళకి నేను చెప్పేది, అలా రాదు తల్లీ, ఆ మనిషితో ఒకే గాలి ఎన్ని గంటలు పంచుకున్నావన్నదే లెక్క అని.

ఇప్పుడు ఆ గంటల లెక్క జైల్లో చూడండి. సాయంత్రం పొద్దుగూకే వేళకి లెక్క చూసి లాకప్ చేసేస్తారు, మళ్ళీ తలుపు తీసేది తెల్లారాకే. అంటే రోజులో సగం టైము ఆ బ్యారక్‌లోనే. మోడల్ ప్రిజన్ మాన్యువల్ అని జైళ్ళు ఎలా నడపాలో కేంద్రం ఇచ్చిన నమూనా పుస్తకం ఉంది, అందులో రాసిందేంటంటే బ్యారక్‌లో పడుకునే ఒక్కో మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలి, అంటే మన లెక్కలో 40 చదరపు అడుగులు, ఒక డబుల్ కాట్ కంటే కాస్త ఎక్కువ. అది కూడా దక్కని చోట్లు చూశాను నేను. మనిషికీ మనిషికీ మధ్య జానెడు సందు, ఒకడి తల దగ్గర ఇంకొకడి కాళ్ళు, పక్కకి తిరగాలంటే పక్కవాణ్ణి లేపాలి.

అక్కడ పడుకునే వరస కూడా ఉంటుందండీ, ఎవరూ కాగితం మీద రాసింది కాదు. పాతవాళ్ళకీ, కాస్త పలుకుబడి ఉన్నవాళ్ళకీ కిటికీ కింద, ఫ్యాన్ కింద చోటు. కొత్తగా వచ్చినవాడికి, చేతిలో పైసా లేనివాడికి, ములాఖత్‌కి ఎవరూ రానివాడికి మరుగుదొడ్డి పక్క చోటు. ఇక రాత్రంతా దగ్గేవాడుంటే మిగతావాళ్ళకి నిద్ర పట్టదు, తిడతారు, వాణ్ణీ ఆ మూలకే తోస్తారు. అంటే ఏమైందీ, బ్యారక్ మొత్తంలో గాలి ఆడని మూలలోకి దగ్గు ఉన్నవాడూ, వాడి పక్కనే అందరికంటే బక్కగా, దిక్కులేకుండా వచ్చినవాడూ చేరారు. మనం కావాలని ప్లాన్ చేసినా క్రిమికి ఇంత అనుకూలంగా కుదర్చలేం.

కిటికీల సంగతి చెప్తాను. ఊచలే ఉంటాయి కదా, గాలి బాగానే వస్తుందిలే అనుకుంటాం. రాత్రి వెళ్తే తెలుస్తుంది. దోమలు. వానాకాలం అయితే జల్లు. చలికాలం మన ఏజెన్సీ వైపు జైళ్ళలో చలి. దాంతో దుప్పట్లు, లుంగీలు, గోనెపట్టాలు కట్టేస్తారు కిటికీలకి. వాళ్ళని ఏమనగలం, దోమతెర లేదు, సరైన దుప్పటి లేదు, కిటికీ తియ్యమంటే ఎలా తీస్తారు? అందుకే జైల్లో టీబీ గురించి రిపోర్టు రాయమంటే నేను మొట్టమొదట కిటికీలకి దోమల మెష్ కొట్టించండి అని రాసేదాన్ని. ఇదేం రికమండేషన్ మేడమ్ అని అడిగినవాళ్ళున్నారు. టీబీ రికమండేషనే అది.

ఒక పని చేసి చూపించేదాన్ని నేను క్యాంపుల్లో. రెండు అగరొత్తులు వెలిగించి బ్యారక్ మధ్యలో పట్టుకోవడం. ఇది నా సొంత తెలివి కాదు, గాలి ఎటు పోతోందో చూడటానికి పొగ పట్టుకోవడం అనేది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ట్రైనింగుల్లో నేర్పించేదే. ఒక సబ్ జైల్లో, పేరొద్దు, పెద్ద గది, ఎదురెదురు కిటికీలు ఉన్నాయి, అగరొత్తి వెలిగిస్తే పొగ నిలువుగా తాడులా పైకి లేచి స్లాబు కింద గొడుగులా పరుచుకుని అలాగే నిలబడిపోయింది, ఎటూ కదల్లేదు. ఒక వైపు కిటికీలకి రేకు కొట్టేశారు, ఎందుకంటే అటు రోడ్డు, బయటనుంచి ఎవరో ఏవో విసురుతున్నారని. రేకు మధ్యలో కోసి పైభాగం తెరిచి జాలీ పెడితే సెక్యూరిటీకీ ఇబ్బంది లేదు, గాలీ ఆడుతుంది అని జైలర్ గారితో మాట్లాడి అలా చేయించాం. మళ్ళీ వెళ్ళి వెలిగిస్తే పొగ లేచీ లేవకుండానే పక్కకి లాగేసుకుపోయింది. ఖైదీలే చూసి అబ్బో అన్నారు. రాత్రిపూట వేడి కూడా తగ్గిందని చెప్పారు తర్వాత. దీనికి అయిన ఖర్చు ఒక ఎక్స్‌రే ఫిల్ముల డబ్బాకి కూడా సరిపోదు.

పెరూ దేశం లిమాలో 2007లో అచ్చయిన స్టడీ ఒకటుంది, ఆసుపత్రి గదుల్లో గాలి గంటకి ఎన్నిసార్లు మారుతోందో కొలిచారు. తలుపులు కిటికీలు బార్లా తెరిచిన గదుల్లో గంటకి సుమారు 28 సార్లు మారితే, మెషిన్లు పెట్టి గాలి మార్చే గదుల్లో 12 సార్లు. అందులోనూ 1950కి ముందు కట్టిన పాత బిల్డింగులు, ఎత్తైన సీలింగు, పెద్ద కిటికీలు ఉన్నవి, వాటిలో ఇంకా బాగా మారింది. మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, కేజీహెచ్ పాత వార్డుల్లోకి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది నేను చెప్పేది. కాబట్టి కొత్త జైలు బ్యారక్ కడుతున్నామంటే తక్కువ ఎత్తు స్లాబు, చిన్న కిటికీ, లోపల టైల్సు, ఇదా మోడరన్? సముద్రం గాలి ఉన్న ఊరు మనది, ఆ గాలిని బిల్డింగులోకి రానివ్వాలని ఇంజనీరుకి ఎవరో ఒకరు చెప్పాలి కదా, ప్లాను గీసే టేబుల్ దగ్గర ఒక టీబీ డాక్టర్ని కూచోబెట్టండి అని నేను ఎప్పట్నించో అడుగుతున్నాను.

ఇక జనం. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్క, 2022 డిసెంబరు ఆఖరుకి మన దేశంలో జైళ్ళలో ఉన్న చోటు 4,36,266 మందికి, ఉన్నవాళ్ళు 5,73,220 మంది. వందమంది చోటులో 131 మంది. ఇది యావరేజి, కొన్ని జైళ్ళలో రెట్టింపు పైన ఉంటారు. ఇందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైగా. వీళ్ళకి ఇంకా శిక్ష పడలేదు. నేరం చేశారో లేదో కోర్టు తేల్చలేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి ఒకసారి. చోటు ఎంతమందికి ఉందో ఇంచుమించు అంతమంది విచారణ ఖైదీలే ఉన్నారు. జైళ్ళలో రద్దీ అంటే అర్థం నేరాలు ఎక్కువైపోయాయని కాదు, బెయిలు రాక, వచ్చినా జామీను దొరక్క, కేసు నడవక ఆగిపోయిన మనుషులని.

మన ఉత్తరాంధ్రలో ఇంకోటుంది, మీకందరికీ తెలుసు, గంజాయి కేసులు. పాడేరు, చింతపల్లి, అటు ఒడిశాలో మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి మూటలు మోసే కుర్రాళ్ళు. 20 కిలోలు దాటితే చట్టం లెక్కలో అది కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్ళ నుంచి ఇరవయ్యేళ్ళ శిక్ష, ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం 37వ సెక్షన్ వల్ల బెయిలు రావడం బాగా కష్టం. ఆ మూట ఎవరిదో వాడు దొరకడు, మోసినవాడు దొరుకుతాడు. గంజాయి రవాణాని నేను వెనకేసుకు రావట్లేదు. కానీ డాక్టరుగా నాకు కనబడింది చెప్తున్నాను, కొండ మీద గాలిలో పెరిగిన కుర్రాడు, అప్పటికే అరకొర తిండి, బక్కపలుచన, వాణ్ణి తీసుకొచ్చి ఏళ్ళ తరబడి కిక్కిరిసిన బ్యారక్‌లో పడేస్తే వాడి ఊపిరితిత్తులకి ఏమవుతుంది? వాడికి తెలుగు సరిగ్గా రాదు కొన్నిసార్లు, దగ్గుతోందని చెప్పుకోవడం కూడా రాదు.

తిండి గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. టీబీ క్రిమి ఒంట్లోకి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ప్రపంచంలో నలుగురిలో ఒకరి ఒంట్లో అది నిద్రపోతూ ఉంటుంది. అలాంటివాళ్ళలో నూటికి అయిదు నుంచి పదిమందికే ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. ఆ నిద్రపోయేదాన్ని లేపేది ఏది? హెచ్ఐవీ ఒకటి, షుగరు ఒకటి, సిగరెట్టు బీడీ, తాగుడు. మన దేశంలో అన్నిటికంటే పెద్దది పోషకాహార లోపం. జార్ఖండ్‌లో రేషన్స్ అని ఒక స్టడీ చేశారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) డబ్బుతో, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. టీబీ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో మిగతా మనుషులు, పదివేలమందికి పైనే, వాళ్ళలో సగం చిల్లర మందికి బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చారు. మందు కాదు, తిండి. అలా ఇచ్చినవాళ్ళలో, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే, కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, అంటించే రకం టీబీ అయితే దాదాపు సగానికి తగ్గింది. పేషెంట్లలో కూడా మొదటి రెండు నెలల్లో ఒళ్ళు చేసినవాళ్ళలో చావులు బాగా తగ్గాయి. తిండి టీబీకి టీకా లాంటిదని ఇంతకంటే ఏం చూపించాలి?

మరి జైల్లో? భోజనం పెడతారు, పెట్టట్లేదని కాదు. అన్నం దండిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. పప్పులో పప్పెంత, నీళ్ళెంత అన్నదే ప్రశ్న. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఇంటినుంచి డబ్బులొచ్చేవాడు క్యాంటీన్లో బిస్కెట్లు, గుడ్లు కొనుక్కుంటాడు. ఎవరూ లేనివాడు ఆ పప్పుచారుతోనే. జైలు డాక్టరు రాస్తే మెడికల్ డైట్ అని పాలు, గుడ్డు ఇస్తారు, కానీ అది టీబీ వచ్చాక. రాకముందు బరువు తూచి, తక్కువున్నవాళ్ళని ఏరి అప్పుడే గుడ్డు పెడితే ఎలా ఉంటుంది? లోపలికి వచ్చిన రోజే ప్రతివాడి బరువూ ఎత్తూ చూస్తారు, రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఆ బరువు మళ్ళీ మూడు నెలలకి చూసేవాళ్ళు ఉండరు. ఒక తూకం మెషిను, ఒక కాలమ్ ఎక్కువ గీసిన రిజిస్టరు. అంతే కావాల్సింది.

ఇంకోటి, నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ పేషెంటుకి తిండికోసం నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మంచిదే. కానీ అది బ్యాంకు అకౌంట్లో పడుతుంది. లోపలున్నవాడికి అకౌంటు లేదు, ఉన్నా నంబరు గుర్తు లేదు, ఆధార్ కార్డు అరెస్టయినప్పుడు ఏమైందో తెలీదు. డబ్బు పడినా వాడు తియ్యలేడు. ఇలాంటి చిన్న చిక్కుల్లోనే పెద్ద పథకాలు ఆగిపోతుంటాయండి, న్యాయసేవా సంస్థ తరఫున సాయం చేసే పారా లీగల్ వాలంటీరు ఎవరో ఒకరు కూచుని కాగితాలు సరిచేస్తే కదులుతుంది.

సరే, జబ్బు ఉన్నవాణ్ణి పట్టుకోవడం ఎలా. రెండు వారాలు పైబడి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ అడగాలి అంటాం. మన విశాఖ వేసవిలో కిక్కిరిసిన బ్యారక్‌లో రాత్రి చెమట పట్టనివాడెవడు చెప్పండి? బరువు తగ్గావా అంటే జైలుకొచ్చాక అందరూ తగ్గుతారు మేడమ్ అంటారు. దగ్గా, "బీడీ దగ్గు తల్లీ, రోగమేటి లేదు" అంటాడు. అబద్ధం కాదు, వాడు నిజంగానే అలా నమ్ముతాడు. ఇంకొంతమంది కావాలనే దాస్తారు. టీబీ అని తేలితే వేరే గదిలో వేస్తారు, పక్కన మాట్లాడే మనిషుండడు, వంటశాలలో పనుంటే పోతుంది, ఆ కూలి పోతుంది, ఇంటికి తెలిస్తే పెళ్ళాం వాళ్ళు ఏమంటారో అని.

అందుకే నేను నోటిమాట మీద ఆధారపడొద్దంటాను. 2019 నుంచి 2021 దాకా దేశమంతా టీబీ సర్వే చేశారు కదా, అందులో తేలినవాళ్ళలో 42 శాతానికి పైగా లక్షణాలు అడిగితే దొరికేవాళ్ళు కాదు, ఎక్స్‌రే తీశారు కాబట్టి దొరికారు. జైల్లో ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తియ్యాలి. ఇప్పుడు చేత్తో పట్టుకుని తీసే ఎక్స్‌రే మెషిన్లు వచ్చాయి, జైలు లోపలికే పట్టుకెళ్ళొచ్చు. తేడా కనిపిస్తే కఫాన్ని ట్రూనాట్ అనే పరీక్ష మెషిన్లో పెడితే రెండు మూడు గంటల్లో రిజల్టు, మందుకి లొంగని రకమా కాదా కూడా తెలిసిపోతుంది. మెషిను ఎందుకు లోపలికి వెళ్ళాలంటే, ఖైదీని బయటికి తేవాలంటే ఎస్కార్టు కావాలి. ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. పోలీసు ఎస్కార్టు దొరకాలి, ఆ రోజు వీఐపీ బందోబస్తు ఉంటే లేదు, కోర్టు వాయిదాలు ఎక్కువుంటే లేదు, ఎక్స్‌రే వాయిదా, మళ్ళీ వచ్చే వారం వాయిదా. ఆ వారాలన్నీ వాడు అదే బ్యారక్‌లో దగ్గుతూ ఉంటాడు.

కఫం తీసుకోవడం కూడా చూసి తీరాలి. తెల్లారి డబ్బాలిచ్చి వరసలో నించోబెడితే సగం మంది ఉమ్మి వేసి ఇచ్చేస్తారు. ఉమ్మిలో క్రిమి దొరకదు. ఆరుబయట చెట్టు కింద నించోబెట్టి, గట్టిగా మూడుసార్లు ఊపిరి పీల్చి లోపల్నుంచి తియ్యి బాబూ అని దగ్గరుండి చెప్పాలి. సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ దేశాల జైళ్ళలో టీబీ విపరీతంగా పెరిగింది, మందులకి లొంగని టీబీ. అక్కడ కొన్ని జైళ్ళలో టీబీ వార్డులో తిండి కాస్త మెరుగని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా జబ్బున్నవాడి కఫం కొనుక్కుని తమదని ఇచ్చేవారు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మామూలు బ్యారక్‌లో తిండి ఎంత హీనంగా ఉంటే మనిషి టీబీ కావాలని కోరుకుంటాడు?

ఇక్కడ ఒక డాక్టరు ఫ్రెండు నన్నడిగాడు, మద్రాసు స్టడీ ఏం చెప్పింది మరి అని. మంచి ప్రశ్న. 1959లో వచ్చింది అది, మద్రాసు మురికివాడల్లో ఇరుకిళ్ళలో ఉంటూ మందులేసుకున్నవాళ్ళకీ, శానిటోరియంలో, అంటే టీబీవాళ్ళని ఉంచే ఆసుపత్రిలో, మంచి గాలి మంచి తిండితో ఉండి అవే మందులేసుకున్నవాళ్ళకీ జబ్బు ఇంచుమించు ఒకేలా తగ్గింది. దాంతో ప్రపంచమంతా శానిటోరియాలు మూసుకుంటూ వచ్చారు. మన మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట్లకి వెళ్తే తప్ప బతకరన్న రోజులు అలా పోయాయి. అప్పుడు పరిసరాలతో పనేముంది, మాత్ర చాలు కదా అంటారు. తగ్గడానికి మాత్ర చాలు, నిజం. ఆ స్టడీలో ఇంట్లోవాళ్ళకి కూడా ఎక్కువగా అంటలేదు, ఎందుకంటే మందు మొదలయ్యాక అంటించడం తొందరగా పడిపోతుంది. అంటే ప్రమాదం మందు మింగుతున్నవాడితో కాదు, ఇంకా ఎవరికీ తెలియని వాడితో. జైల్లో ఆ తెలియని వాడి చుట్టూ నలుగురు కుటుంబసభ్యులు ఉండరు, యాభై అరవై మంది ఉంటారు, పైగా మనుషులు మారుతూ ఉంటారు. అందుకని టీబీ అని తేలినవాణ్ణి ఆరు నెలలు చీకటి సెల్లులో పెట్టడం కాదు చెయ్యాల్సింది. మందు సరిగ్గా పడుతుంటే రెండు వారాలు జాగ్రత్త, తర్వాత మామూలే, రకాన్ని బట్టి డాక్టరు చెప్తాడు. వాడితో పాటు పడుకున్న బ్యారక్ మొత్తాన్ని ఒక ఇంటివాళ్ళలా లెక్కేసి ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేలినవాళ్ళకి రాకుండా ఆపే మందు ఇవ్వాలి. ఇంట్లో భార్యాబిడ్డలకి ఇస్తున్నాం కదా, ఇక్కడ పక్కచాపవాడే ఇంటివాడు.

ఇక విడుదల. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, రెండో నెల మందులో ఉన్నాడు, బరువు పెరిగాడు, మొహంలో కళ వచ్చింది. ఒక సాయంత్రం బెయిలు ఆర్డరొచ్చింది. ఎవడాగుతాడండీ, గేటు తీస్తే వెళ్ళిపోయాడు. మాత్రల కవరు జైలు డిస్పెన్సరీలో ఉండిపోయింది, డిస్పెన్సరీకి తాళం, ఫార్మసిస్టు ఇంటికెళ్ళిపోయాడు. అడ్రసు చూస్తే ఊరిపేరు ఒకటే ఉంది, మండలం తప్పు. మూడు వారాలు పట్టింది ఆశా వర్కరు కాలినడకన వెళ్ళి కుర్రాణ్ణి పట్టుకోవడానికి. ఆ అమ్మాయికి దండం పెట్టాలి. దొరికాడు కాబట్టి సరిపోయింది, దొరకనివాళ్ళ మందు మధ్యలో ఆగిపోతుంది, జబ్బు తిరగబెడుతుంది, మందుకి లొంగకుండా తయారవుతుంది. దీనికి పరిష్కారం కష్టం కాదు. టీబీ మందులో ఉన్న ప్రతి ఖైదీకీ ఒక నెల మందు, నిక్షయ్ ఐడీ, అంటే టీబీ పేషెంటుకి సర్కారు ఇచ్చే నంబరు, రాసిన చీటీ, వాడి ఊరి పీహెచ్‌సీ పేరు, ఇవి ఒక కవర్లో పెట్టి డిస్పెన్సరీలో కాదు, గేటు దగ్గరే ఉంచాలి, వాడి బట్టలు డబ్బులు ఎక్కడిస్తారో అక్కడ.

బెయిలు వచ్చినా బయటపడనివాళ్ళు ఇంకో రకం. జామీనుకి మనిషి దొరకడు, డబ్బుండదు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది, బెయిలిచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజెయ్యాలని. అదే సంవత్సరం కేంద్రం పేద ఖైదీల కోసం పథకం పెట్టింది, విచారణ ఖైదీకి అప్పట్లో 40,000 దాకా సాయం. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బెయిలు ఇవ్వాలి, కొన్ని మినహాయింపులున్నాయి. లాయర్లు చాలామంది వచ్చారు ఇవాళ, మీకు నాకంటే బాగా తెలుసు ఇవన్నీ. నేను చెప్పేదల్లా మీరు వేసే ఆ పిటిషను కూడా టీబీ కంట్రోలే. బ్యారక్‌లో పదిమంది తగ్గితే మిగిలినవాళ్ళకి గాలి దొరుకుతుంది.

వాళ్ళేదో తప్పు చేశారు, అనుభవిస్తారు, మనకేంటి అనేవాళ్ళుంటారు. మొదటి మాట, కోర్టు వేసే శిక్ష జైలు, టీబీ కాదు. దక్షిణాఫ్రికాలో డడ్లీ లీ అని ఒకాయన, 1999లో అరెస్టయ్యాడు, పోల్స్‌మూర్ జైల్లో నాలుగేళ్ళు పైన విచారణ ఖైదీ, లోపలే టీబీ పట్టింది, 2004లో నిర్దోషి అని వదిలేశారు. ఆయన ప్రభుత్వం మీద కేసు వేస్తే, నీకు టీబీ ఫలానా ఖైదీ వల్లే వచ్చిందని రుజువు చెయ్యి అన్నారు. ఎవడు చెయ్యగలడది? 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వానిదే బాధ్యత అని తీర్పిచ్చింది. ఖైదీలని ఎలా చూడాలో చెప్తూ 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మండేలా రూల్సులో కూడా బయట జనానికి ఏ వైద్యం అందుతుందో ఖైదీకీ అదే అందాలని ఉంది, గాలీ వెలుతురూ వచ్చే కిటికీ ఉండాలని కూడా ఉంది.

రెండో మాట, గోడ మనుషులకే, గాలికి కాదు. వార్డర్లు రోజూ లోపలికెళ్ళి సాయంత్రం క్వార్టర్సులో పిల్లల దగ్గరికెళ్తారు. ఖైదీలు వస్తూ పోతూ ఉంటారు, చాలామంది కొన్ని వారాలో నెలలో ఉండి ఇంటికెళ్ళేవాళ్ళే. 2019లో ప్రపంచం మొత్తంలో జైళ్ళలో సుమారు లక్షా పాతిక వేలమందికి టీబీ వచ్చిందని అంచనా, అందులో సగం చిల్లరే బయటపడ్డాయి. మిగతావాళ్ళు ఏమయ్యారు? తెలియకుండానే ఇళ్ళకి వెళ్ళారు, లేదా లోపలే ఉన్నారు. బ్రెజిల్, పెరూ, మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, ఎల్ సాల్వడార్, ఈ ఆరు దేశాల మీద చేసిన లెక్కలో అక్కడ మొత్తం టీబీ కేసుల్లో 27 శాతం దాకా జైలుకి పంపడంతో ముడిపడ్డవేనని తేలింది. లోపలున్నవాళ్ళవే కాదు, బయటికొచ్చినవాళ్ళవి, వాళ్ళనుంచి అంటుకున్నవాళ్ళవి కలిపి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా, మైకివ్వండి ఆవిడకి.

(సభలో ఒకావిడ: మా మరిది పోయిన నెల జైలునుంచి వచ్చాడు మేడమ్, దగ్గు ఉంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అడిగితే కోపగించుకుంటున్నాడు. వేరే గదిలో పెట్టాలా?)

వేరే గదిలో పెట్టి గిన్నె గ్లాసు వేరు చెయ్యకమ్మా, అసలే జైలునుంచి వచ్చిన మనిషి, ఇంట్లో కూడా వెలివేసినట్టవుతుంది, ఇంక ఆసుపత్రికి రమ్మన్నా రాడు. రాత్రి పిల్లల్ని వేరేచోట పడుకోబెట్టు, గది కిటికీలు తియ్యి, దగ్గేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోమను. జైలు గురించి ఎత్తకు, సంగతేంటో తేలితే పిల్లలకి కూడా మంచిదని చెప్పి రేపు పొద్దున్నే మీ దగ్గర్లో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌కి గానీ, వాల్తేరు ఛాతీ ఆసుపత్రికి గానీ తీసుకెళ్ళు, కఫం పరీక్ష, ఎక్స్‌రే రెండూ చెయ్యమని అడుగు, ఒకటి చేసి పంపిస్తే ఒప్పుకోకు. డబ్బు కట్టక్కర్లేదు. జైల్లో మందులేమైనా వేసుకున్నాడేమో మెల్లగా అడుగు, వేసుకుంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, మందు మారుతుంది దాన్నిబట్టి. జబ్బని తేలితే పిల్లలకీ నీకూ కూడా పరీక్ష చేసి రాకుండా మందిస్తారు, అది మానొద్దు. ఏ అనుమానమొచ్చినా 1800-11-6666, నిక్షయ్ హెల్ప్‌లైను, ఫ్రీ. మీటింగయ్యాక ఇక్కడే ఉండు, నీతో వచ్చేవాళ్ళు లేకపోతే మా హెల్త్ విజిటరు ఉన్నారు, మాట్లాడిస్తాను.